వినికిడి పందెం

కలకత్తా నుంచి హుగ్లీ వెంట పాతిక కిలోమీటర్లు కిందికి దిగితే బడ్జ్ బడ్జ్ వస్తుంది. స్థానికుల నోట అది బజ్‌బజ్. చరిత్ర పుస్తకాల్లో ఈ ఊరు కొన్ని తేదీల దగ్గర మాత్రం తళుక్కుమని మళ్లీ కనుమరుగవుతుంది. 1756 డిసెంబరు చివర క్లైవ్ సేన ఇక్కడి కోటను పట్టుకుంది. మద్రాసు నుంచి ఆ సేనతో వచ్చిన సిపాయిల వల్లే బెంగాల్లో ఆ తర్వాత చాలా కాలం సిపాయికి ‘తెలెంగా’ అన్న పేరు నిలిచింది. 1897 ఫిబ్రవరిలో వివేకానందుడు విదేశాల నుంచి తిరిగి వచ్చి ఓడ దిగి కలకత్తా రైలెక్కింది ఇక్కడే. 1914 సెప్టెంబరు 29న, కెనడా తిప్పి పంపిన కొమగాట మారు ఓడ ప్రయాణికుల మీద పోలీసులు కాల్పులు జరిపింది కూడా ఇక్కడే. కిరోసిన్ నిల్వలు, జూట్ మిల్లులు, వాటిలో పని వెతుక్కుంటూ బీహారు, ఒడిశా, గంజాం, శ్రీకాకుళం వైపుల నుంచి హుగ్లీ తీరానికి చేరిన కుటుంబాలు, ఇదంతా ఆ తేదీల మధ్య సాగిన మామూలు బతుకు. లైసెన్సు తీసుకుని సరదా కోసం సొంత రేడియోతో దూరాలవాళ్లతో మాట్లాడే హామ్ రేడియో వాళ్ల పటంలో మాత్రం ఈ ఊరికి ఇంకో పేరుంది: ఎన్‌ఎల్ 42. భూగోళాన్ని గళ్లుగళ్లుగా కోసి ప్రతి గడికీ రెండక్షరాలు, రెండంకెలు ఇచ్చిన మెయిడెన్‌హెడ్ పద్ధతిలో కలకత్తా, బడ్జ్ బడ్జ్ ఒకే గడిలో పడతాయి. ప్రపంచంలో ఏ మూల నుంచి వినేవాడికైనా ఈ రెండూ ఒకే చోటు.

అలా వినేవాళ్లు ఏడాదికి కొన్నిసార్లు పందెం కడతారు. అక్టోబరు చివరి వారాంతంలో మాటలతో, నవంబరు చివరి వారాంతంలో మోర్స్‌తో 48 గంటల చొప్పున ఏకబిగిన సాగే సీక్యూ వరల్డ్ వైడ్ పోటీ వీటిలో పెద్దది. జపాన్ రేడియో సంఘం 1960 నుంచి నడుపుతున్న ఆల్ ఏషియన్ పోటీ మన ప్రాంతానిది. పోటీలో ఇచ్చిపుచ్చుకునేది చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. అవతలివాడి కాల్‌సైన్ అంటే గుర్తింపు పేరు, సిగ్నల్ ఎలా వినబడుతోందో చెప్పే అంకెలు, ప్రపంచాన్ని పంచిన మండలాల్లో తనది ఎన్నోదో చెప్పే సంఖ్య. భారత ప్రధాన భూభాగం 22వ మండలం, అండమాన్ దీవులు 26. ఆల్ ఏషియన్‌లో మండలానికి బదులు వయసు చెప్పాలి. సిగ్నల్ చాలా బాగుందని చెప్పే 599 అనే సంఖ్యను మోర్స్‌లో ఎవరూ పూర్తిగా కొట్టరు, ‘5ఎన్ఎన్’ అంటారు. ఎందుకో లెక్క వేస్తే ఈ పందెం స్వభావం తెలుస్తుంది. మోర్స్‌లో తొమ్మిదికి నాలుగు గీతలు, ఒక చుక్క. చుక్క నిడివిని ఒక పాలు అనుకుంటే గీతకు మూడు, మధ్య ఖాళీకి ఒకటి, మొత్తం 17 పాళ్లు. ఎన్ అక్షరానికి ఒక గీత, ఒక చుక్క, కలిపి అయిదు పాళ్లే. రెండు తొమ్మిదుల దగ్గర మిగిలే ఆ 24 పాళ్లు కన్ను మూసి తెరిచేటంత సమయమే. కానీ రెండు రోజుల్లో వేయిసార్లు అదే కొట్టాల్సి వచ్చినప్పుడు అది నిమిషాల కొద్దీ ఆదా. ఆ నిమిషాల్లో ఇంకొందరి గొంతులు పట్టవచ్చు.

ఈ పోటీని పెద్దమనుషుల కాలక్షేపమనీ, అసలు హామ్ రేడియో అంటే తుఫాను వేళ, భూకంపం వేళ చేసే సేవ అనీ మన దేశంలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. పత్రికలు సేవకే చప్పట్లు కొడతాయి. అధికారులు సేవ పేరు చెబితేనే అనుమతులు ఇస్తారు. చివరికి హామ్‌లు కూడా తమ ఆటను సేవ ముసుగులో దాచుకోవడం నేర్చుకున్నారు. ఈ వరస తలకిందులైందని నా వాదన. హుగ్లీ ముఖద్వారం నుంచి అండమాన్ దాకా ఈ తీరంలో వైర్‌లెస్ చరిత్ర చూస్తే ప్రతిసారీ ముందు ఆడుకున్నవాళ్లు ఉన్నారు, సేవ ఆ తర్వాత వచ్చింది. ఆటను ఆపిన ప్రతి కాలంలోనూ సేవ చేయగల చేతులు తగ్గాయి. పోటీలో తేలేది ఎవరి యంత్రం గొప్పదన్నది కొంతవరకే. ఎక్కువగా తేలేది ఒకరి మీద ఒకరు పడి పిలిచే గొంతుల రొదలో ఒక్క గొంతును విడదీసి తప్పు లేకుండా రాసుకోగల చెవి ఎవరిదన్నది.

ఈ నదికి వార్త విలువ ఎప్పుడో తెలుసు. విలియం ఓషానెస్సీ 1839లో కలకత్తా బొటానికల్ గార్డెన్ దగ్గర మైళ్ల కొద్దీ తీగ చుట్టి టెలిగ్రాఫ్ ప్రయోగం చేశాడు. 1851కి కలకత్తా, డైమండ్ హార్బర్ల మధ్య టెలిగ్రాఫ్ లైను పనిచేయడం మొదలుపెట్టింది. దేశంలో మొదటి లైను రాజధానుల మధ్య కాకుండా ఈ నది వెంట పడడానికి కారణం హుగ్లీ స్వభావమే. ఇసుక మేటలు కదులుతుంటాయి, పోటుపాట్లు మారుతుంటాయి, ఓడ ఎప్పుడు ఎక్కడ ఉందో తెలియకపోతే సరుకు కూడా మునుగుతుంది. సాగర్ దీవికి అవతల శాండ్‌హెడ్స్ దగ్గర పైలట్ ఓడలు రోజుల తరబడి సముద్రంలో నిలబడి, వచ్చే ఓడలకు దారి చూపే పైలట్లను ఎక్కించేవి. తీగ అక్కడిదాకా పోదు. అందుకే 1902లో సాగర్ దీవి, శాండ్‌హెడ్స్‌ల మధ్య వైర్‌లెస్ టెలిగ్రాఫ్ పెట్టారు. మన దేశంలో వైర్‌లెస్ మొదటి ఉద్యోగం అదే. దానికి ఏడేళ్ల ముందు, 1895లో, కలకత్తా టౌన్ హాల్లో జగదీశ్ చంద్ర బోస్ కంటికి కనబడని తరంగాలతో దూరాన గంట మోగించాడు, మందుగుండు అంటించాడు. దాని మీద పేటెంట్ కోసం ఆయన పరుగులు పెట్టలేదు. ఏమవుతుందో చూద్దామన్న కుతూహలం ముందు, సాగర్ దీవి ఉద్యోగం తర్వాత. నేను చెబుతున్న వరసకు ఇది మొదటి ఆనవాలు.

రెండో ఆనవాలు కూడా కలకత్తాదే. 1921లో అమరేంద్ర చంద్ర గుప్తూ 2జేకే కాల్‌సైన్‌తో దేశంలో మొదటి అమెచ్యూర్ ఆపరేటరయ్యాడు. అదే ఏడు ముకుల్ బోస్ 2హెచ్‌క్యూ పేరుతో గాలిలోకి వచ్చాడు. వాళ్లు ఎవరికీ సేవ చేస్తామని చెప్పి మొదలుపెట్టలేదు. దూరంగా ఉన్నవాడికి నా సిగ్నల్ వినబడుతుందా అన్న ప్రశ్నే వాళ్ల పెట్టుబడి. కానీ రెండేళ్లు తిరిగేసరికి, 1923 నవంబరులో, కలకత్తా రేడియో క్లబ్ ప్రసారాలు మొదలుపెట్టింది. ఆ జూన్‌లోనే బొంబాయి క్లబ్ దారి తీసింది. 1924 జులైలో మద్రాసులో సి.వి. కృష్ణస్వామి చెట్టి చొరవతో ఏర్పడిన మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ కూడా ప్రసారాలు మొదలుపెట్టింది. ఆనాటి తెలుగు జిల్లాలు అదే ప్రెసిడెన్సీలోవి. ప్రభుత్వానికీ కంపెనీలకూ ఇంకా రేడియో మీద మనసు పోని రోజుల్లో ఔత్సాహికులు దాన్ని జనం చెవికి చేర్చారు. ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ కలకత్తా కేంద్రం 1927 ఆగస్టులో తెరుచుకునేనాటికి క్లబ్బులు మూడు నాలుగేళ్లుగా ఆ పని చేస్తున్నాయి. పోటీలు కూడా ఆ కాలపు సంతానమే. 1927లో అమెరికన్ రేడియో రిలే లీగ్ దేశాల మధ్య సందేశాల పందెం పెట్టింది. 1931లో బ్రిటిష్ సామ్రాజ్య దేశాల హామ్‌ల కోసం బెరూ పోటీ మొదలైంది, ఇప్పుడు దాన్ని కామన్వెల్త్ పోటీ అంటున్నారు. 1933లో ఫీల్డ్ డే వచ్చింది. ఫీల్డ్ డే నియమాల్లోనే ఉద్దేశం కనబడుతుంది. ఇల్లు వదిలి బయట తాత్కాలికంగా గుడారం వేసుకుని, కరెంటు లైను మీద ఆధారపడకుండా పనిచేసేవాళ్లను ఆ పోటీ ప్రోత్సహిస్తుంది. విపత్తు వస్తే ఎలా ఉంటుందో అలా ఆడమని చెప్పే పందెం అది.

ఇక్కడ ఒక సంగతి దగ్గర కాస్త ఆగాలి. కలకత్తా పరిసరాల్లో పెరిగిన కుతూహలం గాలిని కూడా చదివింది. శిశిర్ కుమార్ మిత్ర కలకత్తా విశ్వవిద్యాలయంలో వైర్‌లెస్ ప్రయోగశాల నడిపి, 1930ల్లో అయనావరణం మీద పరిశోధన చేసి, 1947లో ‘ది అప్పర్ అట్మాస్ఫియర్’ అనే గ్రంథం ప్రచురించాడు. రేడియో తరంగాలు వందల కిలోమీటర్ల ఎత్తున ఉన్న విద్యుదావేశ పొరలను తాకి మళ్లీ నేల మీదికి వంగుతాయి కాబట్టే బడ్జ్ బడ్జ్‌లో ఉన్న తీగ జపాన్‌కు వినబడుతుంది. కలకత్తా ప్రాంతం ఇందులో ఒక ప్రత్యేకమైన చోట కూర్చుంది. భూ అయస్కాంత మధ్యరేఖకు ఇరువైపులా పైపొరలు చిక్కబడి రెండు గట్లుగా లేస్తాయి, ఉత్తరపు గట్టు దాదాపు ఈ నగరం నెత్తి మీదే ఉంటుంది. అందువల్ల ఇక్కడ సాయంత్రాలు పై పౌనఃపున్యాల్లో దారులు ఒక్కసారిగా తెరుచుకుంటాయి, అంతే అకస్మాత్తుగా చెదిరిపోతాయి. ఈ తెరుచుకోవడం, చెదరడం ఏ గంటకు ఏ దిక్కున జరుగుతుందో అనుభవంతో ఊహించగలవాడే పోటీలో నెగ్గుతాడు. యాంటెన్నాగా 7 మెగాహెర్ట్జ్‌కు సుమారు 20 మీటర్ల రాగితీగ చాలు, 14కు అందులో సగం, రెండు కొబ్బరిచెట్ల మధ్య కట్టినా సరే. ఉప్పుగాలికీ తేమకూ అతుకులు తుప్పుపట్టి, వానాకాలం చివర ఒకసారి తీగ దింపి గీకి శుభ్రం చేసుకోవాల్సిందే. ఎత్తయిన టవర్లున్న ఫిన్లాండ్ వాడితో ఈ తీగ సమానమవుతుందా అంటే కాదు. కానీ పోటీల్లో 5 వాట్లవాళ్లకూ 100 వాట్లవాళ్లకూ విడి వరసలుంటాయి. పైగా 22వ మండలం నుంచి వచ్చే గొంతులు తక్కువ కాబట్టి ఆ అరుదైన మండలం తమ లాగ్‌లో, అంటే సంబంధాల చిట్టాలో, పడాలని బలమైన స్టేషన్లు కూడా మన తీగ వైపు యాంటెన్నా తిప్పుతాయి.

ఇంత జనాభా ఉన్న దేశం నుంచి గొంతులు తక్కువెందుకు? కారణం చట్టంలో ఉంది. 1914లో బడ్జ్ బడ్జ్ రేవులో జరిగింది ఆ చట్టపు మనస్తత్వానికి ముందు చరిత్ర. ఎవరు దిగుతున్నారో, ఎక్కడికి పోతారో తామే నిర్ణయించాలనుకున్న ప్రభుత్వం ఆ సెప్టెంబరులోనే తెచ్చిన ఆర్డినెన్సుతో కొమగాట మారు ప్రయాణికులను బలవంతంగా పంజాబు రైలెక్కించబోయింది, వాళ్లు కలకత్తా వైపు నడిచారు, సాయంత్రానికి శవాలు మిగిలాయి. నమోదు కాని మనిషి మీద ఉన్న భయమే నమోదు కాని సిగ్నల్ మీదా ఉంది. 1885 టెలిగ్రాఫ్ చట్టం చాలదని 1933లో వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం తెచ్చి, లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరమన్నారు. 1939లో యుద్ధం రాగానే హామ్‌లను తమ ట్రాన్స్‌మిటర్లు అప్పగించమని రాతపూర్వక ఆదేశాలు వెళ్లాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1948 మే 15న మౌలోని సిగ్నల్స్ స్కూల్లో అమెచ్యూర్ రేడియో క్లబ్ ఆఫ్ ఇండియా మొదలైంది, 1954లో అమెచ్యూర్ రేడియో సొసైటీగా పేరు మార్చుకుంది. చట్టం స్వభావం మాత్రం చాలాకాలం అదే. విదేశీ యంత్రాల దిగుమతికి వెసులుబాటు 1984లో గానీ రాలేదు. అంతవరకూ సైన్యం పారేసిన పాత సెట్లే చాలామందికి దిక్కు. ఒక తరం మొత్తం తమ గొంతు తామే తయారుచేసుకోవాల్సి వచ్చింది.

ప్రభుత్వ భయం పూర్తిగా ఊహ కాదనే వాదన ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. 1942లో ఉషా మెహతా, ఆమె మిత్రులు బ్రిటిష్ వాళ్లకు తెలియకుండా నడిపిన కాంగ్రెస్ రేడియోకు యంత్రం అమర్చిపెట్టింది నారిమన్ ప్రింటర్ అనే హామ్. బ్రిటిష్ వాళ్లకు అది ప్రమాదమే, మనకది గర్వం. స్వతంత్ర దేశానికీ సరిహద్దులుంటాయి, దొంగ సిగ్నళ్లుంటాయి. అయితే ఆ కోణం నుంచి చూసినా పోటీ చేసే హామ్ కంటే బహిరంగంగా బతికే రేడియోమనిషి ఇంకొకడు లేడు. ప్రతి కొన్ని సెకన్లకూ తన కాల్‌సైన్ తానే చాటుకుంటాడు. ఎవరితో, ఏ నిమిషంలో, ఏ పౌనఃపున్యంలో మాట్లాడాడో రాసిన లాగ్‌ను నిర్వాహకులకు పంపుతాడు, వాళ్లు దాన్ని అవతలివాళ్ల లాగ్‌లతో గీతకు గీత పోల్చి చూస్తారు. ఒక అక్షరం తప్పు రాసుకుంటే ఆ సంబంధం కొట్టేసి, పైన శిక్షగా పాయింట్లు కోస్తారు. రహస్యం కావాలనుకునేవాడు ఇలాంటి చోటికి రాడు. గాలిని రాత్రింబవళ్లు వింటూ ఉండేవాళ్లు ఉండడం దేశానికి కాపలా కూడా. 2016లో బసీర్‌హాట్, సుందర్బన్ వైపుల నుంచి అనుమానాస్పదమైన సంకేత సంభాషణలు వినబడుతున్నాయని మొదట ప్రభుత్వానికి చెప్పింది బెంగాల్ హామ్‌లే. ఏది మామూలు రొద, ఏది కాదు అన్నది రోజూ వినే చెవికే తెలుస్తుంది.

ఇప్పుడు తెలుగువాళ్లకు దగ్గరైన సాక్ష్యానికి వద్దాం. 1983లో హైదరాబాద్‌లో ఎస్. సూరి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో స్థాపించారు. వాళ్లు పాఠాలు చెప్పారు, పరీక్షలకు తయారుచేశారు. కానీ ఆ సంస్థ పేరు ప్రపంచ హామ్‌ల నోట పడింది అండమాన్ వల్ల. అండమాన్ నుంచి గాలిలోకి రావడానికి అనుమతి దొరక్క 17 ఏళ్లు ఆ దీవులు హామ్ లాగ్‌లలో దాదాపు మూగవి. 2004 డిసెంబరు మొదట్లో ఆ సంస్థకు చెందిన భారతి ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం పోర్ట్ బ్లెయిర్ చేరి వీయూ4ఆర్‌బీఐ, వీయూ4ఎన్ఆర్ఓ కాల్‌సైన్లతో పిలవడం మొదలుపెట్టింది. అది సేవ కాదు. అరుదైన చోటి నుంచి ప్రపంచంతో వీలైనన్ని సంబంధాలు కలపడమనే శుద్ధమైన ఆట. ఒకేసారి వందల మంది పిలుస్తుంటే, హామ్‌లు పైలప్ అనే ఆ కుప్పలోంచి ఒక్కొక్కరిని లాగి వేల సంఖ్యలో సంబంధాలు రాశారు. డిసెంబరు 26 ఉదయం ఆరున్నర ప్రాంతంలో భూమి కదిలింది, తర్వాత సముద్రం వచ్చింది. టెలిఫోన్లు చచ్చిపోయాయి. అప్పుడు అదే యాంటెన్నా, అదే మైకు, అదే మనిషి ఆట వదిలి ఫలానావాళ్లు బతికే ఉన్నారు అనే వార్తలను ప్రధాన భూభాగానికి పంపడం మొదలుపెట్టారు. తర్వాత కార్ నికోబార్‌కూ హామ్ కేంద్రం చేరింది. అంతకు ముందటి మూడు వారాల్లో ఆ గొంతు పైలప్‌లు నడుపుతూ వచ్చింది. 26న ఏ గంటకు ఏ పౌనఃపున్యం ఎక్కడికి పోతుందో కొత్తగా వెతుక్కోవాల్సిన అవసరం లేకపోయింది. అటువైపు వినేవాళ్లు కూడా, ఆ అరుదైన కాల్‌సైన్ కోసం అప్పటికే చెవులు రిక్కించి ఉన్నవాళ్లు, వెంటనే దొరికారు.

అది కేవలం అదృష్టం, వేరే చోట అలా కలిసిరాదు అనవచ్చు. నేను క్యాలెండరు ముందు పెడతాను. సీక్యూ పోటీల కాలం అక్టోబరు, నవంబరు. బంగాళాఖాతంలో పెద్ద తుఫానుల కాలమూ అదే. దివిసీమను ముంచిన ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది, మోర్స్ పోటీ సరిగ్గా ఆ మరుసటి వారాంతం. ఒడిశా మహా తుఫాను తీరం తాకిన 1999 అక్టోబరు 29 శుక్రవారం. ఆ శని, ఆదివారాలే మాటల పోటీ. అంటే భువనేశ్వర్ లోకానికి తెగిపోయిన గంటల్లో ప్రపంచమంతటా వేల మంది హామ్‌లు రిసీవర్ల ముందే కూర్చుని ఉన్నారు. పోటీ తేదీలు పెట్టినవాళ్లు మన తుఫానుల్ని తలచుకుని పెట్టలేదు, ఉత్తరార్ధగోళంలో తరంగాలు బాగా ప్రయాణించే ఋతువని పెట్టుకున్నారు. కారణం ఏదైనా మన తీరానికి అక్కరకొచ్చే సమయంలో గాలి ఒళ్లంతా చెవులై ఉంటుంది. హామ్‌లు ఆ తుఫాను రోజుల్లో తెగిపోయిన చోట్ల నుంచి వార్తలు చేరవేశారు. చేరవేయగలిగినవాళ్లు ఆ ముందు ఏళ్లలో ఏం చేస్తూ వచ్చారన్నదే నేను అడిగే ప్రశ్న.

పోటీ మీద హామ్‌లలోనే వినబడే ఫిర్యాదు వేరు. మనిషి పేరు అడగకుండా, ఊరు అడగకుండా 59, 22 అని చెప్పి తోసేయడం స్నేహమేనా అంటారు. ఈ ఫిర్యాదులో సగం నిజం. సిగ్నల్ నూతిలోంచి వచ్చినట్టు ఉన్నా అందరూ 59 అనే ఇస్తారు, అది నివేదిక కాకుండా పోయి మంత్రంలా మిగిలింది. సీరియల్ నంబరు అడిగే పోటీలు, వయసు అడిగే ఆల్ ఏషియన్ ఈ విషయంలో నాకు నచ్చుతాయి, ఎందుకంటే అక్కడ ఊహించి రాయడానికి లేదు. ఎనభై అని మోర్స్‌లో మెల్లగా కొట్టే చేతిని విన్నప్పుడు ఆ మనిషి కొంత తెలుస్తాడు కూడా. ఇంకో మాట, 2017లో జో టేలర్, స్టీవ్ ఫ్రాంకే తెచ్చిన ఎఫ్‌టీ8 పద్ధతిలో కంప్యూటరే చెవికి అందని సిగ్నల్‌ను పట్టేస్తోంది కదా, ఇక చెవి ఎందుకన్నది. అది గొప్ప సాధనమే, టేలర్ 1993లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్నవాడు. కానీ పదిహేను సెకన్ల వంతులుగా, కట్టుదిట్టమైన గడియారంతో, ముందే అచ్చు పోసిన కొద్ది అక్షరాల్లో నడిచే పద్ధతిలో ‘రెండో అంతస్తులో ముగ్గురు, పడవ కావాలి’ అని చెప్పాలంటే కుదరదు. ఆ మాటకు నోరూ చెవీ కావాలి.

ఫోన్లున్నాయి, ఉపగ్రహ ఫోన్లున్నాయి, ఈ పాత విద్య ఎందుకన్నది అన్నిటికంటే ఎక్కువ వినబడే అభ్యంతరం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు సెల్ టవర్లు పడిపోయి, కరెంటు పోయి, ఒక మహానగరం తన సొంత వీధుల్లో ఎవరెక్కడున్నారో తెలియక రోజులు గడిపింది. 2020 మే 20న ఆంఫన్ తుఫాను దక్షిణ 24 పరగణాల మీద, అంటే బడ్జ్ బడ్జ్ ఉన్న జిల్లా మీద, విరుచుకుపడినప్పుడూ అదే జరిగింది. సెల్ టవర్‌కు బ్యాటరీ కొన్ని గంటలే, డీజిల్ రావాలంటే రోడ్డు కావాలి. ఉపగ్రహ ఫోన్లు మన దేశంలో అందరి దగ్గరా ఉండవు, ఉంచుకోనివ్వరు కూడా. కారు బ్యాటరీకి తగిలించిన చిన్న రేడియో, 20 మీటర్ల తీగ, ఒక నిచ్చెన, వీటితో పనయ్యే వ్యవస్థ మరొకటి నాకు కనబడలేదు. అలాగని ఫోన్ల స్థానంలో హామ్ రేడియో రావాలని ఎవరూ అనరు. మొదటి రెండు మూడు రోజుల ఖాళీ దాని పని. ఆ ఖాళీలో పనిచేయాలంటే ఆ ముందటి రెండు మూడేళ్లు చేయి ఆడుతూ ఉండాలి.

మన నిబంధనలు ఇక్కడే ఒక విచిత్రమైన ముడి వేశాయి. మామూలు రోజుల్లో హామ్ ఇతరుల సందేశాలను చేరవేయకూడదు, విపత్తు వేళ మాత్రమే చేయవచ్చు. తపాలా, టెలిగ్రాఫ్ ఆదాయానికి గండి పడుతుందన్న పాత లెక్క దీని వెనక ఉంది, ప్రభుత్వ టెలిగ్రామ్ 2013లోనే ఆగిపోయినా. ఇతరుల సందేశం నిషేధమైతే ఒత్తిడిలో సందేశం తీసుకోవడం ఎక్కడ సాధన చేయాలి? పెద్ద ఎత్తున, అపరిచితులతో, ఆగకుండా, తప్పులకు శిక్ష పడే రీతిలో సాధన చేసే చోటు పోటీ ఒక్కటే మిగిలింది. 1885, 1933 చట్టాలను 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం పక్కన పెట్టింది. కొత్త నియమాల్లో అధికారులు ఆటకు కాస్త చోటు వదలాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. దీవులకూ సరిహద్దు జిల్లాలకూ పోటీ వారాంతాల్లో తాత్కాలిక అనుమతి తొందరగా దొరకాలి, పాఠశాలల క్లబ్ స్టేషన్ల దరఖాస్తు నెలల తరబడి బల్లల మీద పడి ఉండకూడదు. సునామీ తర్వాత అండమాన్ అనుభవం చూసిన ప్రభుత్వం 2006 ఏప్రిల్‌లో అక్కడ హామ్‌ల సమావేశానికి, విదేశీ ఆపరేటర్ల ప్రసారాలకు అనుమతించింది, 2007 జనవరిలో లక్షద్వీప్ తలుపు తెరిచింది. అనుమతిస్తే కొంపలేమీ మునగలేదు.

బడ్జ్ బడ్జ్ కింద నది ఇంకా వెడల్పై డైమండ్ హార్బర్ దాటి సాగర్ దీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. 1902లో వైర్‌లెస్ పెట్టిన ఆ దీవి మీదే ప్రతి మకర సంక్రాంతికి గంగాసాగర్ మేళా జరుగుతుంది, లక్షల మంది వస్తారు, వందల మంది తప్పిపోతారు. పశ్చిమ బెంగాల్ హామ్‌లు అక్కడ యాంటెన్నాలు ఎత్తి కూర్చుంటారు. తప్పిపోయినవాళ్లలో ముసలివాళ్లు ఎక్కువ. తమ ఊరి మాట తప్ప మరొకటి రాదు, బెంగాలీ రాదు, హిందీ రాదు, ఫోన్ నంబరు గుర్తుండదు. ఆ మాట ఏ వైపుదో పోల్చుకోవడానికి దేశంలోని మిగతా హామ్‌లను పిలుస్తారు, గుర్తుపట్టినవాడు ఆ జిల్లాలో ఉన్న మరో హామ్‌ను పిలుస్తాడు, ఆయన పోయి ఇల్లు వెతుకుతాడు. గాలిలో పోయే సందేశం చాలా చిన్నది, పోటీలో ఇచ్చిపుచ్చుకునేదానికంటే నాలుగు మాటలు ఎక్కువ: పేరు, వయసు, చెబుతున్న ఊరిపేరు విన్నది విన్నట్టుగా ఒక్కో అక్షరం, కట్టుకున్న చీర రంగు. అవతలి నుంచి ఒకటే అడుగుతారు, ఊరి పేరు మళ్లీ చెప్పండి, రెండో అక్షరం సరిగా అందలేదు.